ఫిజీ అక్క కుట్టిన బంతులు

మంగళవారం పొద్దున్న పూజ ముగించి దీపంలో వత్తి సరిచేస్తుంటే ఫోను మోగింది. అవతల ఫిజీ అక్క భర్త. నేను బావగారూ అని పిలిచే ఆ పెద్దమనిషి మెల్‌బోర్న్‌లో బస్సు నడుపుతారు. ఏ మాటైనా తరువాతి స్టాపు పేరు చెప్పినట్టు పొట్టిగా చెబుతారు.

"చెల్లీ, షీ ఈజ్ గాన్. నిద్రలో. నెప్పి లేదు," అన్నారు.

నేను "అయ్యో" అన్నాను. ఆ వెంటనే నాకు వచ్చిన ఆలోచన మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెప్పకపోతే మాత్రం ఇది ఆవిడ గురించి రాసినట్టు కాదు. రోజూ దీపం ముందు కూర్చుని నేను దేవుణ్ణి అడిగేది అలాంటి చావునే. నిద్రలో, నొప్పి లేకుండా. ఎన్నడూ అడగని ఆవిడకి ఇచ్చాడు. "ఇది కూడా ఆవిడకేనా!" అనుకున్నాను. ఆ తరువాతే ఏడుపొచ్చింది.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. మన తెలుగు సంఘం సభకు ఒక్కసారే వచ్చింది, అదీ నేను తీసుకువస్తే. ఆవిడ తాతగారు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి ఫిజీ వెళ్ళిన తెలుగువాడు. ఆవిడ అక్కడే పుట్టింది, అక్కడి దక్షిణాది వాళ్ళు పెట్టుకున్న బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకుంది, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది. అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక కుటుంబంతో ఇక్కడికి వచ్చేసింది. ఆ సభలో పులిహోర వడ్డిస్తూ మనవాళ్ళలో ఒకావిడ అడిగింది, "మీది ఏ ఊరండీ?"

"లబాసా."

"అది ఏ జిల్లాలో ఉంది?"

"చెరకు జిల్లా," అంది అక్క.

"అది కాదండీ, ఇండియాలో మీ సొంతూరు?"

"మా తాత షిప్పు ఎక్కినప్పుడు ఊరి పేరు ఒడ్డు మీద మర్చిపోయాడు, అమ్మా. నీకు ఎక్కడైనా దొరికితే చెప్పు."

అందరూ నవ్వారు. తరువాత ఎవరో పాడమంటే వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న హారతి పాట పాడింది. సగం మాటలు తప్పు. అయినా పెద్దవాళ్ళు పళ్ళాలు కింద పెట్టి విన్నారు. నేను ఇరవై ఏళ్ళుగా పాడుతున్నాను, నేను పాడితే ఎవరూ పళ్ళెం కింద పెట్టలేదు.

మేము వచ్చింది కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం అని అందరూ బెంబేలు పడుతున్న రోజుల్లో. పాత కోబాల్ భాష తెలిసినవాళ్ళు కావాలని యాభై ఏళ్ళ మావారిని కూడా కాంట్రాక్టు మీద పిలిచారు. మెల్‌బోర్న్ శివార్లలో వెర్రిబీలో అద్దెకు దిగాము. ఆయన పొద్దున్నే రైలెక్కేవారు, మా అమ్మాయి యూనివర్సిటీకి పోయేది. ఎస్సెల్సీతో చదువు ఆపేసిన నేను, నా పూజ, ఎదురుగా కొత్త ఇళ్ళ కప్పులు. ఆదివారం భోజనాల్లో కలిసిన ఆడవాళ్ళందరూ ఏదో ఒక కంప్యూటరు కోర్సు చేస్తుండేవారు. "మీరు కూడా టెస్టింగ్ నేర్చుకోవచ్చు కదా, ఆంటీ" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఒకరోజు పప్పులో పోపు వేస్తుంటే వెనక కంచె అవతల నుంచి గొంతు వినిపించింది.

"బులా! నీవు తెలుగేనా? నీ ఆవాలు చెప్పాయి."

కంచె మీద నుంచి ఒక గుండ్రటి ముఖం, చెవి పక్కన తెల్లపువ్వు, నీలం మీద తెల్లపూలున్న వదులు గౌను. చేతిలో కరివేపాకు రెమ్మ. బులా అంటే ఫిజీ వాళ్ళ పలకరింపని తరువాత తెలిసింది. మెల్‌బోర్న్ చలిలో ఆవిడ పెరట్లో మనిషెత్తు కరివేపాకు చెట్టు ఉండేది. చలికాలం దానికి దుప్పటి కప్పేది. నేను పిలక తెచ్చి మూడుసార్లు నాటాను, మూడుసార్లూ ఎండిపోయింది.

"నీవు దాన్ని రోజూ పదిసార్లు చూస్తావు, చెల్లీ. పాపం, దానికి సిగ్గు," అనేది.

ఆ కరివేపాకుతోనే మొదలైంది నా కుళ్ళు.

కుట్టుపని తెలుసా అని ఆవిడే అడిగింది. కాజాలు, హుక్కులు, చీరకు అంచు కుట్టడం తెలుసునన్నాను. మర్నాడు తనతో రైల్లో నగరంలోని ఒక పాత క్లబ్బుకు తీసుకుపోయింది. అక్కడ ఆడేది కూడా టెన్నిసే, కానీ మనం టీవీలో చూసేది కాదు, దానికి ముత్తాత. రియల్ టెన్నిస్ అంటారు. నాలుగు గోడల మధ్య పెద్ద హాలు. మూడు వైపులా మన ఇళ్ళ వసారా కప్పులాంటి ఏటవాలు కప్పు. సర్వీసు చేసిన బంతి ముందు ఆ కప్పు మీద దొర్లి కింద పడాలి. రాకెట్టు కాస్త వంకరగా ఉంటుంది, నడుమ వల వదులుగా వేలాడుతుంది. ఆస్ట్రేలియా మొత్తం మీద ఇలాంటి హాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చట. అయినా ఏటా ఇక్కడి ఎండాకాలంలో, జనవరిలో, జాతీయ చాంపియన్‌షిప్ జరుగుతుంది. హోబర్ట్ నుంచి, బల్లరాట్ నుంచి, సముద్రాలు దాటి ఇంగ్లండు నుంచి కూడా వస్తారు.

ఈ ఆటకు బంతులు దుకాణంలో దొరకవు. ఎవరి క్లబ్బు వాళ్ళు చేతితో చేసుకోవాలి. బెండు ముక్క మీద గుడ్డ పట్టీ చుట్టి, దారంతో బిగించి, చెక్క సుత్తితో తట్టి ఉండ చేస్తారు. దాని మీద మందపాటి ఉన్ని గుడ్డ తొడుగు వేసి చేత్తో కుడతారు. తొడుగు కొన్ని వారాలకే అరిగిపోతుంది, కోసేసి కొత్తది కుట్టాలి. లోపలి ఉండ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఉండలు చుట్టడం అక్క పని. తొడుగులు ఇద్దరం కుట్టేవాళ్ళం.

మా పైన ఉన్నది మార్కరు. ఆట జరిగేటప్పుడు పాయింట్లు లెక్కపెట్టి చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. డెబ్భై దాటిన తెల్లాయన, ఎండాకాలంలో కూడా ముతక కోటు. ఆడవాళ్ళందరినీ 'లవ్' అనే పిలిచేవాడు. నేను కుట్టిన బంతిని చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, "వెరీ నీట్, లవ్. వెరీ నీట్ ఇండీడ్" అనేవాడు. అని, ప్రాక్టీసు బుట్టలో వేసేవాడు. అక్క కుట్టిన బంతిని నొక్కి ఏమీ అనేవాడు కాదు. కోటు జేబులో వేసుకునేవాడు.

జేబులోకి వెళ్ళినవి చాంపియన్‌షిప్‌కి. ఫైనల్లో ఆడే ఆరు డజన్ల బంతుల తొడుగులూ ఒకే చేతివి కావాలని ఆయన నియమం. ఆ చేయి ఏటేటా అక్కదే.

నాకేమీ అక్కర్లేదు, ఒక్క బంతి ఆ జేబులోకి వెళ్ళాలి, అంతే అనుకునేదాన్ని. ఇంత చిన్న కోరిక మనిషిని ఎంత కాలుస్తుందో అప్పుడే తెలిసింది. రైల్లో పక్కన కూర్చుని ఆవిడ ఉడకబెట్టిన కర్రపెండలం ముక్క నా చేతిలో పెట్టేది. నేను తినేదాన్ని, లోపల మండేదాన్ని.

మొదటి ఎండాకాలం చాంపియన్‌షిప్ ఇద్దరం కలిసి చూశాం. హాలు చివర వల వెనక బెంచీల మీద కూర్చుంటే బంతి సూటిగా మన ముఖం మీదకే వస్తుంది, నేను ప్రతిసారీ కళ్ళు మూసుకునేదాన్ని. అక్క ఆట నియమాలు చెప్పేది.

"చూడు, బంతి రెండోసారి నేల తగిలింది. మామూలు టెన్నిస్‌లో అయితే పాయింట్ గాన్. ఇక్కడ గాన్ కాదు. ఎక్కడ తగిలిందో మార్కర్ గుర్తు పెట్టుకున్నాడు. ఇప్పుడు వాళ్ళు సైడ్లు మారి, ఆ పాయింట్ కోసమే మల్లా ఆడతారు."

"అంతవరకూ ఎవరూ గెలవనట్టా?"

"ఎవ్వరూ ఓడనట్టు."

అంతలో కళ్ళు మూసుకుని, "ఇప్పుడు కొట్టింది నేను ఫిబ్రవరిలో చుట్టిన ఉండ" అనేది. చప్పుడును బట్టి చెప్పేది. నేను నమ్మేదాన్ని కాదు. కుట్టే గదికి, ఆట హాలుకు మధ్య ఒక్క గోడే అడ్డం. ప్రాక్టీసు ఆటలప్పుడు ఆ గోడకు చెవి పెట్టి "ఇది నాది. ఇది నీది. ఇది నాది" అని వరసగా చెప్పేది. ఎప్పుడైనా నిజమో కాదో చూద్దామని లేచి వెళితే నిజమే అయ్యేది.

ఒకరోజు అడిగేశాను. "అక్కా, మీరేదో కిటుకు దాస్తున్నారు. నా కుట్టు మీ కుట్టు కంటే చిన్నది, సూటిగా ఉంటుంది. మరి ఆయన జేబులో ఎందుకు వేసుకోడు?"

ఆవిడ సూది ఆపింది. "చెప్తే కోపం వస్తాది."

"రాదు."

"నీవు నామాలు చదువుతూ కుడతావు కదా."

నిజమే. అష్టోత్తరం చదువుకుంటూ నామానికో కుట్టు వేసేదాన్ని. నూటెనిమిది నామాలు అయ్యేసరికి బంతి దాదాపు పూర్తయ్యేది. ఉత్త చేత్తో పనిచేస్తే కూలి, నామంతో చేస్తే సేవ అని మా అమ్మ నేర్పింది.

"నమః అన్నప్పుడల్లా దారం గట్టిగా లాగుతావు," అంది అక్క. "పెద్ద నామం అయితే ఇంకా గట్టిగా. అందుకే నీ బంతి ఒక పక్క రాయి, ఒక పక్క రొట్టె. కంటికి నీట్. రాకెట్‌కి కాదు. డోంట్ పుల్ సో మచ్, చెల్లీ. దారానికి కూడా ఊపిరి ఉండాలి."

కోపం రాదన్నాను కానీ వచ్చింది. "నా దేవుడు మీ బంతికి అడ్డొచ్చాడా?" అన్నాను. నేను గొంతు పెంచే మనిషిని కాను, అప్పుడూ పెంచలేదు. మెల్లగానే అన్నాను. మెల్లగా అన్న మాట ఇంకా లోతుగా దిగుతుంది. మూడు వారాలు రైల్లో వేరే పెట్టెలో ఎక్కాను. ఆవిడ మాత్రం రోజూ మా కంచె మీద కరివేపాకు రెమ్మ పెట్టి పోయేది. అది తీసి పోపులో వేసుకునేదాన్ని, పలకరించేదాన్ని కాదు.

అంతలో ఆ డిసెంబరు ఆఖరు రోజు వచ్చింది. మావారు ఫ్లాస్కుతో ఆఫీసుకు వెళ్ళి, మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చి, "ఏమీ జరగలేదు" అన్నారు. ఏదో జరగాల్సింది అన్నట్టు కొంచెం దిగులుగానే అన్నారు. కంచె అవతల నుంచి అక్క అరిచింది, "చెల్లీ, కంప్యూటర్లు బతికాయి! ఇక మన బంతుల సంగతి చూద్దామా?" నాకు నవ్వొచ్చింది. మాటలు కలిశాయి. ఆ ఏడు కూడా ఫైనలు బంతులు ఆవిడవే. నామాలు మాననూ లేదు, లాగడం ఆపనూ లేదు నేను. రోజూ దీపం ముందు మాత్రం అడిగేదాన్ని, "వచ్చే ఏడైనా నాకు ఇప్పించు స్వామీ."

ఆ చలికాలం ఆవిడ ఒంటి మీద ఆ తెల్లపూల నీలం గౌను కనబడటం మానేసింది. అదేమైంది అని అడిగితే, "పనికి పోయింది" అని నవ్వింది. అప్పటికే మనిషి సగమైంది. పాత గౌను వదులైపోయి పక్కన పడేసిందనుకున్నాను. తరువాతి నెలలో డాక్టర్లు కడుపులో క్యాన్సరని చెప్పారు.

మార్కరు నా దగ్గరికొచ్చి టోపీ తీశాడు. "ఈ ఏడు మీరే కుట్టాలి, లవ్. ఆరు డజన్లూ" అన్నాడు. అప్పుడు నా మనసు ఎగిరింది. ఒక్క క్షణమే, కానీ ఎగిరింది. ఆ క్షణాన్ని దేవుడు చూశాడని నాకు తెలుసు.

ఇంటికి వచ్చి దీపం వెలిగించలేకపోయాను. నేరుగా అక్క మంచం దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. "అక్కా, నేను దేవుణ్ణి అడిగాను. ఈ ఏడైనా నాకు ఇప్పించమని. ఆయన ఇలా ఇచ్చాడు."

ఆవిడ నవ్వింది. కడుపు పట్టుకుని మరీ నవ్వింది. "అరే, నాకు నెప్పి రెండేళ్ళ నుండి ఉంది. నీ ప్రేయర్ లేట్, చెల్లీ." తరువాత నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "నామం మానొద్దు. నమః దగ్గర మాత్రం చెయ్యి వదులు. అంతే. నాకు తెలిసిన కిటుకు అదొక్కటే."

రెండు నెలలు కుట్టాను. మొదట్లో నమః దగ్గర చెయ్యి తనంతట తానే బిగుసుకునేది. విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. ఇన్నేళ్ళూ నేను దేవుడి పేరు పిలిచిన తీరు ఇదేనా, గుంజుతూ, నాకు కావాలి అంటూ, అని ఒకరోజు తోచింది. ఆ రోజు నుంచి కొంచెం తేలికైంది.

ఫైనలు ముందు రోజు మార్కరు బుట్టలోంచి ఒక బంతి తీసి నొక్కాడు. తిప్పి నొక్కాడు. నేను "వెరీ నీట్" కోసం ఎదురుచూశాను. ఆయన ఏమీ అనలేదు. కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆరు డజన్లు పోగా మిగిలిన ఒక బంతి పట్టుకుని ఆ మధ్యాహ్నమే అక్క ఇంటికి పరిగెత్తాను. "అక్కా, జేబులో వేసుకున్నాడు!"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

బావగారు కంగారుపడ్డారు. "వాట్ హాపెండ్? నెప్పా?"

"నెప్పి కాదు. నాకు కుళ్ళుగా ఉంది," అంది గోడతో. "ఏడేళ్ళు ఆ జేబు నాది."

ఓదార్పు మాటలు నోట్లోకి వచ్చాయి కానీ అన్నీ అబద్ధంగా ఉన్నాయి. చివరకు ఉన్నదే చెప్పాను. "రెండేళ్ళు నేను కూడా అలాగే గోడవైపు తిరిగి పడుకున్నానక్కా."

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. "నిజంగా?"

"దేవుడి తోడు. మీ కరివేపాకు చూసినా కుళ్ళే. మీ పాట విన్నా కుళ్ళే."

"మరి చెప్పలేదే?"

"ఎలా చెబుతానక్కా?"

"నోటితో!" అంది. ఇద్దరం నవ్వాం. బావగారు మా ఇద్దరికీ మతి పోయిందన్నట్టు చూసి టీ పెట్టడానికి వెళ్ళారు. అక్క కళ్ళు తుడుచుకుని, "సైడ్లు మారాయి, చెల్లీ" అంది.

నా చేతిలోని బంతి తీసుకుని చెంపకు ఆనించుకుని కుట్టు పొడవునా దొర్లించింది. ఒక చోట ఆగింది. "ఇదిగో. ఇక్కడ లాగావు."

"ఎక్కడ? ఏమీ లేదే!"

"ఉంది. ఇక్కడ ఏ పేరో గట్టిగా పిలిచావు."

నేను తడిమి చూశాను. నా వేళ్ళకు ఏమీ దొరకలేదు. ఇప్పటికీ ఆవిడ నిజం చెప్పిందో, ఓర్వలేక అందో నాకు తెలియదు. రెండూ అయి ఉండవచ్చు.

దహనం రోజున మార్కరు వచ్చాడు. అదే ముతక కోటు. పెట్టె దగ్గర నిలబడి జేబులోంచి ఒక బంతి తీసి ఆవిడ చేతి పక్కన పెట్టాడు. అందరూ కళ్ళు ఒత్తుకుంటున్నారు. నేను మెడ సాచి ఆ కుట్టు ఎవరిదో చూశాను. ఆవిడదే. అప్పుడు కూడా నా గుండెలో ఆ పాత సూది ఒకసారి గుచ్చుకుంది. ఆవిడ లేచి కూర్చుని ఉంటే తప్పక నవ్వేది.

మొన్న మార్కరు నా ముందు ఒక బుట్ట పెట్టాడు. ఫైనల్లో ఆడిన బంతుల్లో ఆకారం చెడినవి. ఇక ఉండలు చుట్టడం కూడా నేనే నేర్చుకోవాలన్నాడు. నా కుట్లు నేనే కోశాను. తొడుగు ఊడింది. లోపల అక్క కట్టిన దారం, దాని కింద క్లబ్బు వాళ్ళ తెల్ల పట్టీ. విప్పుతూ పోయాను. తెల్ల పట్టీ అయిపోయాక, బెండును ఆనుకుని, నీలం గుడ్డ కనిపించింది. దాని మీద తెల్లపూలు. ఇంకో బంతి విప్పాను. అందులోనూ అదే. ఇక తొడుగులు కుట్టే ఓపిక తనకు ఉండదని తెలిసి, ఎవరి తొడుగు కిందికి పోతాయో తెలిసి, ఆ చలికాలం తన గౌను చింపి చుట్టినవి అవి. ఆయన నొక్కి చూసి జేబులో వేసుకున్న బంతిలో పై కుట్టు నాది, లోపలి మెత్తన ఆవిడది.

ఇంత జరిగాక కూడా, మీ దగ్గర దాచడమెందుకు, మొదట కుళ్ళే వచ్చింది.

ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో సాపు చేశాను. ఎన్నో నెలలు బిగువులో ఉండి పూలన్నీ ముడతలు పడ్డాయి. తరువాత ఆ గుడ్డనే మళ్ళీ మొదట చుట్టి, పైన పట్టీ చుట్టి, దారం వేశాను. నామం చదివాను. నమః దగ్గర చెయ్యి వదిలాను. గోడ అవతల ఎవరో ఆడుతున్నారు. బంతి ఏటవాలు కప్పు మీద దొర్లి, నేల తాకి, గోడకు కొట్టుకుంటోంది. నేను లేచి ఆవిడలాగే గోడకు చెవి ఆనించాను. ఒక చప్పుడు. ఇంకో చప్పుడు. ఏది ఆవిడదో, ఏది నాదో ఎంత విన్నా తెలియలేదు.